రెండింటికి దిగాల్సిన డ్యూటీ నాలుగైనా తెమలకపోతే

చెల్లెమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి జనరల్ వార్డులో చేరి ఏడు నెలలైందన్నావు. మార్నింగ్ డ్యూటీలో నీకు ఎనిమిది మంది పేషెంట్లు. మధ్యాహ్నం రెండింటికి దిగాలి, కానీ కేస్ షీట్లు రాసి బయటపడేసరికి నాలుగవుతోంది. అప్పుడు తింటున్నావు. తోటి అమ్మాయిలు చకచకా చేసేస్తుంటే నేనే స్లో ఏమో అనిపిస్తోంది, నర్సింగ్ మానేసి ఇంకేదైనా చూసుకోవాలా అని అడిగావు.

నేను ఈ పనిలోకి వచ్చి 22 ఏళ్లయింది. మొదట గుంటూరు కొత్తపేటలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్, తర్వాత ఐసీయూ, తొమ్మిదేళ్లుగా వార్డు ఇన్‌ఛార్జ్‌ని. ఏటా కొత్త పిల్లలు నా దగ్గరే పని నేర్చుకుంటారు. వాళ్లలో సగం మంది మూడో నెలలోనో ఆరో నెలలోనో లినెన్ రూములోకి వెళ్లి ఏడుస్తారు. అందుకే నీకు వివరంగా రాస్తున్నాను.

నువ్వు స్లో కాదు. ఒక రోజు డ్యూటీలో చేసిన పనులన్నీ వరసగా రాశావు కదా, వాటిని నేను విడదీసి చూశాను. వైటల్స్ (బీపీ, పల్స్, జ్వరం, ఊపిరి) చూడడం, మందులు, ముగ్గురు డాక్టర్ల రౌండ్స్, రెండు డిశ్చార్జిలు, రెండు క్యాన్యులాలు (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టాలు) మార్చడం. ఇవి నీ పనులు. మిగిలిన మందులు ఫార్మసీకి తీసుకెళ్లి రిటర్న్ ఇవ్వడం, బిల్లింగ్ వాళ్లకి నాలుగుసార్లు ఫోన్ చేయడం, ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఫైలు కోసం పేషెంట్ ఆధార్ జిరాక్సు తీయించడం, దుప్పట్లు లేవని లాండ్రీకి పరుగెత్తడం, బాగానే ఉన్న పెద్దాయనని వీల్‌చైర్‌లో స్కానింగ్‌కి తోసుకెళ్లడం. ఇవి నీవి కావు. గంటన్నర అక్కడే పోయింది. టైం మేనేజ్‌మెంట్ అనగానే అందరూ చేతి వేగం గురించే చెబుతారు. నాకు తెలిసినంతవరకు అది ముందు నీ పని ఏదో, కానిది ఏదో తేల్చుకోవడంతో మొదలవుతుంది.

స్టాఫ్ నర్సు పని ఇది: పేషెంట్‌ని చూసి పరిస్థితి అంచనా వేయడం, రాసిన మందు సరిగ్గా ఇవ్వడం, ఇచ్చాక ఏమైందో కనిపెట్టుకుని ఉండడం, తేడా వస్తే డాక్టరుకి చెప్పడం, ఇంటికెళ్లాక ఏం చేయాలో పేషెంట్‌కీ ఇంట్లోవాళ్లకీ నేర్పడం, ఇదంతా రాసిపెట్టడం. వీటిని ఇంకొకరి చేతిలో పెట్టలేవు. పథకం కాగితాలకి వైద్య మిత్ర ఉంటారు. మందుల రిటర్న్‌కి ఫార్మసీ కుర్రాడు ఉంటాడు. వీల్‌చైర్‌కి వార్డ్ బాయ్, పక్క మార్చడానికి ఆయమ్మ ఉంటారు. చిన్న ఆస్పత్రుల్లో వీళ్లు తక్కువే, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అడగకుండా మనమే చేసేస్తుంటే అది మన పనే అన్న అలవాటు వార్డుకి పడిపోతుంది.

అడగడానికీ ఒక పద్ధతి ఉంది. "ఎవరైనా తీసుకెళ్లండి" అని గాల్లోకి అంటే ఎవరూ కదలరు. "బాబాయ్, అయిదో బెడ్ తాతగారిని పదిన్నరకి అల్ట్రాసౌండ్‌కి తీసుకెళ్లాలి, తీసుకొచ్చాక నాకు చెప్పు" అని పేరు పెట్టి, టైం చెప్పి, తిరిగి చెప్పమని అడగాలి. ఇంకొక జాగ్రత్త కూడా. పని అప్పగించినా, కన్ను నీదే. ఆయమ్మ పక్క దుప్పటి మారుస్తుంది. ఆ పేషెంట్‌ని పక్కకి తిప్పినప్పుడు నడుము కింద చర్మం ఎర్రబడిందా అని చూడాల్సింది నువ్వు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని వార్డ్ బాయ్‌తో ఒంటరిగా పంపకూడదు. అక్కడ నర్సు వెంట వెళ్లాల్సిందే.

ఇక పొద్దున్న మొదటి అరగంట. నా లెక్కలో డ్యూటీ మొత్తం బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. ఓవర్, అంటే దిగే నర్సు ఎక్కే నర్సుకి పేషెంట్ల వివరాలు అప్పగించడం, కౌంటర్ దగ్గర నిలబడి తీసుకోకు. నైట్ సిస్టర్‌తో కలిసి ఒక్కో మంచం దగ్గరికి వెళ్లి తీసుకో. ఆమె పన్నెండు గంటలు నిలబడి ఉంటుంది, ఇంటికెళ్లాలని తొందర ఉంటుంది. అయినా బెడ్ దగ్గర తీసుకుంటే "ఈ డ్రెయిన్ గొట్టంలో రాత్రి ఎంత వచ్చింది?", "ఈ యాంటీబయాటిక్ ఆరింటి డోసు పడిందా?" అనే ప్రశ్నలు అక్కడికక్కడే తేలిపోతాయి. లేకపోతే తొమ్మిదింటికి ఆమెకి ఫోన్ చేస్తావు, ఆమె బస్సులో నిద్రపోతూ ఉంటుంది.

ఒక ఏ4 కాగితం మడిచి జేబులో పెట్టుకో. నేను ఇప్పటికీ పెట్టుకుంటాను. ఎడమ పక్క బెడ్ నంబర్లు, పైన గంటలు: 8, 9, 10 అలా 2 వరకు. టైంతో ముడిపడిన పనులు మాత్రమే ఆ గడుల్లో రాయి. నాలుగో బెడ్ ఎదురుగా 8 దగ్గర ఇన్సులిన్. ఆరో బెడ్ ఎదురుగా 10 దగ్గర రక్తం. ఏడో బెడ్‌కి 12 దగ్గర డ్రెస్సింగ్. చేసినదాన్ని కొట్టేయి. పదింటి నిలువు గడుల్లో నాలుగు పనులు పడ్డాయంటే ఆ సంగతి నీకు ఎనిమిదింపావుకే తెలుస్తుంది, ఒకటి ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. ఇది తెలియకపోతే పదింటికి నాలుగూ ఒకేసారి మీద పడతాయి.

ఓవర్ అయ్యాక కూర్చోకుండా పది నిమిషాలు ఒక చుట్టు తిరుగు. మొహం ఎలా ఉంది, ఊపిరి ఎలా తీస్తున్నారు, క్యాన్యులా దగ్గర వాపు ఉందా, ఆక్సిజన్ ఎంతలో ఉంది, యూరిన్ బ్యాగ్ నిండిందా, సెలైన్ ఎంత ఉంది.

సెలైన్ దగ్గర కాస్త ఆగుతాను. "సిస్టర్, సెలైన్ అయిపోయింది!" అనే కేక మన ఆస్పత్రుల్లో ఒక డ్యూటీలో ఎన్నిసార్లు వినపడుతుందో నీకు తెలుసు. అది తగ్గించడం మన చేతిలోనే ఉంది. 500 ఎంఎల్ బాటిల్ నాలుగు గంటల్లో వెళ్లాలనుకుందాం. మామూలు ఐవీ సెట్‌లో ఒక ఎంఎల్‌కి 20 చుక్కలు. అంటే నిమిషానికి 42 చుక్కలు, పదిహేను సెకన్లకి పది పదకొండు. వాచీ చూసి లెక్కపెట్టి సెట్ చెయ్యి. తర్వాత బాటిల్ పక్కన పొడుగ్గా ఒక ప్లాస్టర్ ముక్క అంటించు. తొమ్మిదింటికి మొదలుపెడితే 375 దగ్గర గీత గీసి 10 అని, 250 దగ్గర 11 అని, 125 దగ్గర 12 అని రాయి. పెన్నుతో బాటిల్ మీదే రాయకు, ప్లాస్టర్ మీదే రాయాలి. పక్కనున్న వాళ్లకి చూపించు: "అమ్మా, పదకొండింటికి నీళ్లు ఈ గీత దగ్గర ఉండాలి. అంతకంటే ముందే కిందికొచ్చినా, కదలకుండా అక్కడే ఆగినా నన్ను పిలవండి. ఒంటిగంటకి నేనే వచ్చి తీస్తాను." పల్నాడు పల్లెల నుంచి వచ్చిన, అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ గీతని పట్టుకుని గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. పిలవాల్సినప్పుడే పిలుస్తారు. చేతి వంపు దగ్గర క్యాన్యులా ఉంటే చెయ్యి కదిలినప్పుడల్లా చుక్కల వేగం మారుతుంది కాబట్టి వాళ్లని మాత్రం నువ్వే తిరిగి చూసుకోవాలి.

అన్ని పనులకీ గడియారం ఒకేలా ఉండదు. ఈ పాఠం నాకు కష్టంగా వచ్చింది. కొత్తపేటలో నా మొదటి ఏడాది. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన మిర్చి రైతు, షుగర్ పేషెంట్. ఎనిమిదింటికి రెగ్యులర్ ఇన్సులిన్ ఇచ్చాను, ఎనిమిదిన్నరకి టిఫిన్. నేను పక్క గదిలోకి వెళ్లగానే పొట్ట స్కానింగ్‌కి పిలుపొచ్చింది. ఖాళీ కడుపుతో రమ్మన్నారని ఆయన టిఫిన్ పక్కన పెట్టేసి వెళ్లాడు. స్కానింగ్ దగ్గర క్యూ. పదింటికి తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబడుతోంది. షుగర్ చూస్తే 46కి పడిపోయింది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) 100 ఎంఎల్ ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచి "ఏమైందమ్మా నాకు?" అన్నాడు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని దండం పెట్టింది. తప్పు నా వల్ల జరిగిందని ఆవిడకి తెలియదు. ఆ రోజు నుంచి ఇన్సులిన్ సిరంజి చేతిలోకి తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: టిఫిన్ చేతికి వచ్చిందా? ఇవాళ స్కానింగ్ ఏమైనా ఉందా? పది సెకన్ల పని. ఆ పది సెకన్లు మిగుల్చుకుందామని చూస్తే ఎంత పోతుందో నా కళ్లతో చూశాను.

అందుకని పనుల్ని టైం ఆగని పనులు, కాస్త ఆగే పనులు అని విడదీయి. మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే అమెరికా సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. టైం తప్పితే హాని చేసే మందులు అరగంట అటూ ఇటూలోపు పడాలి. రోజుకి రెండుమూడుసార్లు ఇచ్చేవాటికి గంట అటూ ఇటూ వెసులుబాటు ఉంది. రోజుకి ఒక్కసారి వేసే విటమిన్ లాంటివాటికి రెండు గంటలు. మీ ఆస్పత్రి ప్రోటోకాల్‌లో ఏముందో ఇన్‌ఛార్జ్‌ని అడిగి అదే పాటించు. తొమ్మిది కొట్టగానే ఎనిమిది మందికీ అన్ని మందులూ ఒకేసారి పడాలన్న టెన్షన్ మాత్రం అక్కర్లేదు. ఎవరికి ముందు అన్నది చూసుకోవాలి.

రక్తం సంగతి చూడు. బ్లడ్ బ్యాంక్ నుంచి బయటికొచ్చిన అరగంటలోపు ఎక్కించడం మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో అయిపోవాలి, మొదటి పదిహేను నిమిషాలు నువ్వు ఆ మంచం దగ్గరే ఉండాలి. ఎనిమిదీ ముప్పావుకి రక్తం తెప్పిస్తే తొమ్మిదింటి మందులు, ఇది రెండూ చెడతాయి. మందుల రౌండ్ ముగిశాక పదింటికి తెప్పించుకో. బ్లీడింగ్ అవుతున్న పేషెంటైతే ఈ లెక్క పనికిరాదు, వెంటనే తెప్పించాలి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనీసం గంటసేపు వెళ్లాలి. త్వరగా డ్యూటీ దిగాలని అరగంటలో ఎక్కించేస్తే ఒళ్లు ఎర్రబడి బీపీ పడిపోవచ్చు. అలాంటిది ఉన్న రోజు దాన్నే ముందు మొదలుపెట్టి, అది వెళ్తుండగా మిగతావి చూసుకోవాలి.

మందులు కలిపేటప్పుడు ఎవరు పిలిచినా తల తిప్పకు. సిడ్నీలో రెండు ఆస్పత్రుల్లో నర్సులు నాలుగు వేలకు పైగా మందులు ఇస్తుండగా దగ్గరుండి గమనించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. పని మధ్యలో ఆటంకం వచ్చిన ప్రతిసారీ క్లినికల్ తప్పులు (తప్పు మందు, తప్పు డోసు లాంటివి) సుమారు 13 శాతం చొప్పున పెరిగాయట. మా వార్డులో తొమ్మిది నుంచి పావు తక్కువ పది వరకు ఫోన్ ఒక్కరే ఎత్తుతారు, మందుల ట్రాలీ దగ్గరున్న నర్సుని డాక్టర్లు కూడా పిలవరు. ఈ మార్పుకి నాకు రెండు నెలలు పట్టింది. నువ్వు కొత్తదానివి కాబట్టి వార్డుని మార్చలేకపోవచ్చు, కానీ పక్క సిస్టర్‌తో "ఈ అరగంట నా బెడ్స్ నువ్వు చూడు, తర్వాత నీవి నేను చూస్తా" అని ఒప్పందం చేసుకోవచ్చు. అటెండర్లు ఎవరైనా అడిగితే చిరాకు పడకుండా "ఈ మందు కలిపి అయిదు నిమిషాల్లో వస్తానమ్మా" అని చెప్పి, నిజంగానే అయిదు నిమిషాల్లో వెళ్లు. మాట నిలబెట్టుకునే నర్సుని వాళ్లు మళ్లీ మళ్లీ పిలవరు.

నిన్ను వెనక్కి లాగుతున్న ఇంకొకటి రాతపని అనుకుంటాను. ఒంటిగంట దాకా అన్నీ గుర్తుపెట్టుకుని, అప్పుడు ఎనిమిది కేస్ షీట్లు ముందేసుకుని రాస్తున్నావు. ఏది ఎప్పుడు చేశావో గుర్తుచేసుకోవడానికే సగం టైం. మందు ఇచ్చిన చోటే సంతకం పెట్టు. బీపీ చూసిన చోటే చార్టులో వెయ్యి. నర్సెస్ నోట్స్ రెండు విడతలుగా, పదింటికి ఒకసారి, పన్నెండున్నరకి ఒకసారి రాస్తే చివర్లో నాలుగు ముక్కలు మిగులుతాయి. టైం కలిసొస్తుందని ఇవ్వబోయే మందుకి ముందే సంతకం పెట్టేవాళ్లని చూస్తావు. ఆ పని ఎప్పుడూ చేయకు. పేషెంట్ ఆ మందు వద్దన్నా, మధ్యలో ఏదైనా జరిగినా ఆ సంతకం నీ మెడకి చుట్టుకుంటుంది.

చార్టులో ఇంకొకటి చూస్తుంటాను. ఊపిరి రేటు గడిలో అందరికీ 20 అని రాసి ఉంటుంది. నిమిషం మిగుల్చుకోవడానికి చేసే పని అది. కొన్నేళ్ల క్రితం తుంటి ఆపరేషన్ అయిన రెండో రోజు ఒక పెద్దావిడ ఉన్నారు, రెండు షిఫ్టులుగా చార్టులో 20 అనే ఉంది. నేను గుండెల మీద చూపు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెడితే 30 వచ్చింది. బీపీ, జ్వరం మామూలే, ఆక్సిజన్ 93. డాక్టరుకి చెప్పాను. ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అని ఆ సాయంత్రం సీటీలో తేలింది. పదకొండు రోజులకి వాకర్ పట్టుకుని నడిచి ఇంటికెళ్లారు. ఎనిమిది మందికి ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల్లో కోత పెట్టకు, వీల్‌చైర్లు తొయ్యడంలో పెట్టు.

డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసేటప్పుడు కేస్ షీట్ చేతిలో పెట్టుకునే చెయ్యి. "సార్, ఏడో బెడ్ ఒకసారి చూడండి" అంటే ఆయన నాలుగు ప్రశ్నలు వేస్తారు, నువ్వు ఫోన్ పెట్టి బెడ్ దగ్గరికి పరుగెత్తి మళ్లీ చేస్తావు. ఇలా చెప్పి చూడు: "సార్, ఏడో బెడ్, నిన్న హెర్నియా ఆపరేషన్ అయింది. రాత్రి నుంచి యూరిన్ పాస్ చేయలేదు, పొత్తికడుపు బిగుసుకుని ఉంది, పల్స్ 104, బీపీ 140/90. బ్లాడర్ నిండినట్టుంది. మీరు వచ్చి చూస్తారా, క్యాథెటర్ పెట్టమంటారా?" కాలేజీలో ఎస్‌బార్ (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అని వరసగా చెప్పే పద్ధతి) అని చెప్పి ఉంటారు, ఇదే అది. అత్యవసరం కానివి ఉంటే పోగుచేసుకుని ఒకే ఫోన్‌లో అడుగు.

నర్సింగ్‌లో ముందు ముందు ఏముందని కూడా అడిగావు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జనరల్ వార్డు ఒక్కటే నర్సింగ్ కాదు. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, గుండెకి స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్‌లలో పని తీరే వేరు. ఐసీయూలో ఒకరిద్దరు పేషెంట్లే ఉంటారు కానీ కన్ను ఆర్పడానికి ఉండదు. చదివి చెప్పడం, లెక్కలు చూడడం ఇష్టమైతే ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా వెళ్లొచ్చు. ఎమ్మెస్సీ చేస్తే బోధన వైపు దారి ఉంది. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు) బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లని తీసుకుంటారు. అక్కడ బీపీ, షుగర్ రోగుల్ని నెలనెలా చూసుకునేది నువ్వే. మంగళగిరి ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకి నార్‌సెట్ అనే ఎయిమ్స్ ఉమ్మడి పరీక్ష రాయాలి. బీఎస్సీ వాళ్లకి అనుభవం తప్పనిసరి కాదు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) వాళ్లకైతే యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్లు ఉండాలి. ఇందులో ఏ దారి పట్టినా వార్డులో నేర్చుకున్న కన్నూ చెయ్యే నిన్ను నిలబెడతాయి.

నైట్స్ గురించి ఒక్క మాట. గుంటూరు నుంచి వచ్చి వెళ్తున్నానన్నావు. పన్నెండు గంటల నైట్ అయ్యాక బండి మీద హైవే ఎక్కకు, బస్సులోనే వెళ్లు. డ్యూటీలో నీళ్లు తాగు, బాత్రూంకి వెళ్లు. టైం లేదని ఆపుకుని యూరినరీ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్న పిల్లలు నా వార్డులోనే ఉన్నారు. పదకొండింటికి పావుగంట ఒకరినొకరు రిలీవ్ చేసుకుని ఏదో ఒకటి తినండి. నాలుగింటి దాకా పస్తు ఉండకు.

ఇవన్నీ చేసినా రెండింటికి తెమలకపోతే లోపం నీలో లేదు, మనుషులు చాలడం లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రుల జనరల్ వార్డుల్లో ముగ్గురికి ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలి. నీకు ఎనిమిది మంది. ఎవరైనా సెలవు పెడితే పన్నెండు మంది అన్నావు. మనం వేగం పెంచుకుంటూ పోతే ఈ కొరత పైవాళ్లకి ఎప్పటికీ కనపడదు. అందుకే ఆ ఏ4 కాగితాలు పారేయకు. పది డ్యూటీలవి దాచు. ఎంతమంది పేషెంట్లు, నర్సు పని కాని పనులకి ఎంత సేపు పోయింది, ఎన్నింటికి దిగావు అనేవి ప్రతి కాగితం వెనక రాయి. పేషెంట్ల పేర్లు మాత్రం రాయకు, బెడ్ నంబర్లు చాలు. వాటిని తీసుకుని మీ ఇన్‌ఛార్జ్ దగ్గరికి, ఆవిడ వల్ల కాకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లు. "నాకు కష్టంగా ఉంది మేడమ్" అంటే ఓదార్చి పంపిస్తారు. "పది రోజుల్లో పదమూడు గంటలు ఫార్మసీకీ బిల్లింగ్‌కీ పోయాయి మేడమ్" అని కాగితాలు ముందు పెడితే ఏదో ఒకటి తేల్చక తప్పదు. నా వార్డుకి మధ్యాహ్నం దాకా ఉండే ఒక వార్డ్ క్లర్క్‌ని ఇచ్చింది ఇలాంటి కాగితాలు చూపించాకే.

అప్పటికీ కదలకపోతే నర్సింగ్ మానేయకు, ఆ ఆస్పత్రి మారు. ఏడాది నిండేదాకా ఉండి, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో బెడ్ల సంఖ్య, నువ్వు పనిచేసిన డిపార్ట్‌మెంట్ రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏవైనా వాళ్ల దగ్గర ఉంటే వెనక్కి తీసుకుని బయటికి రా.